పాస్‌వర్డ్ కొడితే మళ్లీ లాగిన్ పేజీకే వస్తోంది, రీసెట్ మెయిల్ కూడా రావడం లేదు (వర్డ్‌ప్రెస్)

ఉదయగిరి_గరిటె | సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. మా పెదనాన్న వాళ్లు చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేస్తారు. నర్ది, బిక్కి కర్రతో చేసే పని, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ సరుకు అమ్మడానికి వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) ఒక సైట్ ఉంది. ఫొటోలు పెట్టడం, ధరలు మార్చడం నా పని. సైట్ చేసిపెట్టిన అబ్బాయి ఉద్యోగం వచ్చి చెన్నై వెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తడం లేదు.

పోయిన వారం నుంచి లాగిన్ పడటం లేదు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి బటన్ నొక్కితే పేజీ ఒకసారి మెరిసి, మళ్లీ అవే రెండు ఖాళీ బాక్సులు వస్తున్నాయి. తప్పు అని కూడా చెప్పదు. 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' నొక్కితే అదీ అంతే, మెయిల్ రాదు, స్పామ్‌లోనూ లేదు. కర్ర రేటు పెరిగింది, సైట్‌లో పాత ధరే ఉంది, ఆర్డర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. సెట్టు అమ్మిన ప్రతిసారీ పెదనాన్నకు చేతి నుంచి పడుతోంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కావలి_కుర్రోడు | సోమవారం ఉదయం

అక్కా, హోస్టింగ్‌లోకి (సైట్ ఫైళ్లు ఉండే సర్వర్ అకౌంట్) వెళ్లి డబ్ల్యూపీ-కంటెంట్ లోపల ప్లగిన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని పేరు మార్చేయండి. ప్లగిన్లన్నీ (సైట్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) ఆగిపోతాయి, లాగిన్ పడుతుంది. నాకు ఎప్పుడూ ఇదే పనిచేస్తుంది.

పెన్నా_ఒడ్డు | సోమవారం మధ్యాహ్నం

తమ్ముడూ, ఆగు. అది అమ్మకాల సైట్. ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మారిస్తే షాపు ప్లగిన్ కూడా ఆగిపోతుంది, ఆర్డర్లు ఆగిపోతాయి. తర్వాత పేరు సరిచేసినా అన్నిటినీ మళ్లీ యాక్టివేట్ చేసుకోవాల్సి రావచ్చు. ఏదో ఒక ప్లగిన్ మీద అనుమానం ఉంటే దాని ఫోల్డర్ ఒక్కదాని పేరే మార్చాలి. అదీ ముందు రోగమేంటో తెలిశాక.

చెల్లెమ్మా, పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టడం ముందు ఆపండి. 'లాగిన్ పడలేదు' అని అందరూ ఒకే మాట అంటారు గానీ, దాని వెనక కారణాలు చాలా వేరు. తెర మీద ఏం కనపడిందన్నదే ఆధారం. పాస్‌వర్డ్ తప్పు అని ఎర్రగా వస్తే అది నిజంగా పాస్‌వర్డ్ సంగతి. 'టూ మెనీ రీడైరెక్ట్స్' అని వస్తే సర్టిఫికెట్, అడ్రసు సంగతి. క్లౌడ్‌ఫ్లేర్ (సైట్‌కు ముందు కాపలాగా ఉండే సేవ) పెట్టుకుని, దాంట్లో సర్టిఫికెట్ సెట్టింగు ఫ్లెక్సిబుల్ ఎంచుకున్న వాళ్లకు ఇది ఎక్కువ. క్లౌడ్‌ఫ్లేర్ మన సర్వర్‌ను మామూలు హెచ్‌టీటీపీలో అడుగుతుంది, సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌లో (తాళం గుర్తుండే భద్రమైన దారి) రమ్మంటుంది, అట్టా తిరుగుతూనే ఉంటుంది. 403 (అనుమతి లేదు) అనో, చాలాసార్లు ప్రయత్నించారనో వస్తే సెక్యూరిటీ ప్లగిన్ గానీ హోస్టింగ్ ఫైర్‌వాల్ గానీ అడ్డుకున్నట్టు. తెల్ల పేజీ, లేదా 'క్రిటికల్ ఎర్రర్' అని వస్తే ప్లగిన్ గానీ థీమ్ (సైట్ రూపాన్ని నిర్ణయించేది) గానీ విరిగింది. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి అలాంటప్పుడు అడ్మిన్ మెయిల్‌కు రికవరీ లింకు ఒకటి వస్తుంది, చాలామంది దాన్ని గమనించరు.

మీకు వీటిలో ఏదీ రాలేదు. ఏమీ చెప్పకుండా ఖాళీ బాక్సులు రావడమంటే మీ పాస్‌వర్డ్‌ను సర్వర్ తప్పు అనలేదు. చాలావరకు అది వర్డ్‌ప్రెస్ దాకా చేరనే లేదు. అందుకని మూడు విషయాలు చెప్పండి. పోయిన వారం హోస్టింగ్‌లో ఏమైనా మారిందా? లాగిన్ పేజీ తెరిచినప్పుడు పైన అడ్రసులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉందా, బటన్ నొక్కిన తర్వాత ఉందా? హోస్టింగ్ అకౌంట్ ఎవరి చేతిలో ఉంది?

దర్శి_మాస్టారు | సోమవారం సాయంత్రం

అమ్మా, నీ సమస్య వేరే అనిపిస్తోంది గానీ, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మా బడిలో టీచర్లకు లాగిన్లు ఇచ్చినప్పుడు సగం ఫిర్యాదులు ఫోన్ కీబోర్డు వల్లే వచ్చేవి. యూజర్ నేమ్ మొదటి పదం కొట్టి సూచన నొక్కితే చివర ఒక స్పేసు చేరుతుంది, కంటికి కనపడదు. తెలుగు కీబోర్డులో ఉండి ఇంగ్లిష్ అక్షరాలు కొడితే పేరు తెలుగులోకి మారిపోతుంది. ఇంకొకటి, పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపుకుంటారు కదా. అందులో రెండు నక్షత్రం గుర్తుల (*) మధ్య అక్షరాలుంటే వాట్సాప్ ఆ గుర్తులు తీసేసి అక్షరాలను లావుగా చూపిస్తుంది. రెండు అండర్‌స్కోర్ల మధ్య ఉంటే వాలుగా చూపిస్తుంది. దాన్ని కంటితో చూసి కొట్టినవాడికి ఎప్పటికీ లాగిన్ పడదు, పాస్‌వర్డ్ కరెక్టే కొట్టానని ప్రమాణం చేస్తాడు. అసలు పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపుకోవడమే మంచి పద్ధతి కాదు.

ముత్తుకూరు_రొయ్య | సోమవారం రాత్రి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాకూ ఇలాంటి కథే. రొయ్యల మేత, మందుల వ్యాపారం మాది. సైట్ చేసిన ఆయన మాకు ఎడిటర్ లాగిన్ ఒకటి ఇచ్చాడు. దాంట్లో పేజీలు రాయడం వరకే. ప్లగిన్ అప్‌డేట్ చేయాలన్నా, ఇంకొక యూజర్‌ని చేర్చాలన్నా ఆ మెనూలే కనపడవు. అడ్మిన్ ఇవ్వమంటే ఏడాది మెయింటెనెన్స్ డబ్బు ముందు కట్టమంటున్నాడు. సైట్ చేసినందుకు మొత్తం డబ్బు ఎప్పుడో ఇచ్చేశాం. ఏం చేయాలి?

ఒంగోలు_గిత్త | సోమవారం రాత్రి

ముత్తుకూరు అన్నా, మీది లాగిన్ సమస్య కాదు, ఆస్తి ఎవరి పేరున ఉందన్న సమస్య. వర్డ్‌ప్రెస్ లాగిన్ ఒక్కటే తాళం అనుకుంటారు. దానికింద హోస్టింగ్ అకౌంట్, దానికీ కింద డొమైన్ (సైట్ పేరు) రిజిస్ట్రేషన్, వాటన్నిటికీ కట్టిన మెయిల్ ఐడీ ఉంటాయి. కింద ఉన్నది మీ చేతిలో ఉంటే పైనున్నది ఎవరూ ఆపలేరు. హోస్టింగ్ మీదైతే డేటాబేస్‌లో కొత్త అడ్మిన్‌ని మీరే చేర్చుకోవచ్చు. డొమైన్ మీదైతే, హోస్టింగ్ అతని దగ్గర ఉన్నా, ఆ పేరును వేరే సర్వర్‌కు తిప్పుకోవచ్చు. డొమైన్ కూడా అతని పేరున ఉంటే అప్పుడే అసలు కష్టం.

కాబట్టి మొదట డబ్బు గురించి మాట్లాడకండి. డొమైన్ ఏ రిజిస్ట్రార్ (పేర్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర ఉందో హూఈజ్‌లో (డొమైన్ వివరాలు చూపించే సేవ) చూడండి. పేరు దాచి ఉండొచ్చు, రిజిస్ట్రార్ ఎవరన్నది మాత్రం కనపడుతుంది. తర్వాత మీ పాత మెయిళ్లలో ఆ రిజిస్ట్రార్ పేరుతో బిల్లు ఉందేమో వెతకండి. డాట్ ఇన్ పేర్లయితే నిక్సీ అనే సంస్థ కింద ఉంటాయి, వివాదం వస్తే ఐఎన్‌డీఆర్‌పీ అని దానికి ఒక పద్ధతి ఉంది. కానీ అక్కడిదాకా వెళ్లకముందే చాలా తేలిపోతాయి.

ఇంకో మాట. ఇప్పుడే పేజీల్లో రాసిందంతా, ఫొటోలతో సహా, మీ కంప్యూటర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఎడిటర్ లాగిన్ ఉన్నంతసేపు అది తేలిక.

ఉదయగిరి_గరిటె | మంగళవారం ఉదయం

అన్నా, మీరు అడిగిన వాటికి జవాబులు. పోయిన వారం హోస్టింగ్ వాళ్లు సైట్‌కు తాళం గుర్తు పెట్టామని మెయిల్ పంపారు, అడ్రసు కూడా ఒకే రకంగా ఉండేలా మార్చామన్నారు. ఆ మెయిల్ పెదనాన్న జీమెయిల్‌కు వచ్చింది, ఆయన చూడలేదు. రెన్యువల్ డబ్బు ఆయన ఫోన్ నుంచే కట్టాం కాబట్టి అకౌంట్ ఆయన మెయిల్ మీదే ఉంది! దాంతో హోస్టింగ్ పాస్‌వర్డ్ రీసెట్ చేస్తే వెంటనే వచ్చింది. ఇప్పుడు సీప్యానెల్ (హోస్టింగ్ నడిపే పేజీ) తెరిచి కూర్చున్నాను.

లాగిన్ పేజీ తెరిచినప్పుడు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేదు. బటన్ నొక్కాక కూడా లేదు. కానీ మధ్యలో ఒక్క క్షణం కనపడి పోతోంది. మా తమ్ముడు ఫోన్‌లో వీడియో తీసి ఆపి ఆపి చూపించాడు.

పెన్నా_ఒడ్డు | మంగళవారం ఉదయం

మీ తమ్ముడికి శభాష్ అని చెప్పండి. కారణం దొరికినట్టే.

జరుగుతున్నది ఇది. వర్డ్‌ప్రెస్ తన అడ్రసును డేటాబేస్‌లో రాసుకుంటుంది. మీ సైట్ కట్టినప్పుడు అందులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో రాసి ఉంటుంది. మీరు బటన్ నొక్కగానే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఆ అడ్రసుకే బయల్దేరతాయి. ఇప్పుడు హోస్టింగ్ వాళ్లు కొత్త నియమం పెట్టారు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఎవరొచ్చినా అది లేని అడ్రసుకు పంపేయమని. ఇలా 301తో (అడ్రసు శాశ్వతంగా మారిందని సర్వర్ చెప్పే కోడ్) దారి మళ్లించినప్పుడు బ్రౌజర్ కొత్త అడ్రసుకు పేజీ చూపించమని మాత్రమే అడుగుతుంది, ఫారంలో నింపిన వివరాలను వెంట తీసుకుపోదు. అందుకే ఖాళీ బాక్సులు. రీసెట్ ఫారం కూడా అదే దారిలో పోతుంది కాబట్టి ఆ అభ్యర్థన కూడా చేరలేదు.

దీనికి తోబుట్టువు లాంటి సమస్య ఇంకొకటి ఉంది. లాగిన్ అయినట్టే అయి బయటికి పంపేస్తుంది. లాగిన్ అయ్యాక సర్వర్ మన బ్రౌజర్‌లో కుకీ (గుర్తింపు చీటీ లాంటిది) పెడుతుంది. ఒక అడ్రసుకు పెట్టిన కుకీని బ్రౌజర్ ఇంకో అడ్రసుకు చూపించదు, దాంతో సర్వర్ మనల్ని గుర్తుపట్టదు. దానికీ మందు ఇదే.

ఇప్పుడు చేయాల్సింది. సీప్యానెల్‌లో పీహెచ్‌పీమైఅడ్మిన్ (డేటాబేస్ చూసి మార్చే పరికరం) తెరవండి. ఎడమ పక్క మీ సైట్ డేటాబేస్ నొక్కి, ఏదీ ముట్టుకోకముందు పైన ఎక్స్‌పోర్ట్ నొక్కి మొత్తం కాపీ దించుకోండి. ఇది వదిలేసి ముందుకు పోవద్దు. తర్వాత ఆప్షన్స్ అనే పేరుతో ముగిసే టేబుల్ తెరవండి. ముందు డబ్ల్యూపీ అనే ఉండాలని లేదు, కట్టినవాళ్లు వేరే అక్షరాలు పెట్టి ఉండొచ్చు. అందులో సైట్‌యూఆర్ఎల్, హోమ్ అని రెండు వరుసలు ఉంటాయి, సాధారణంగా మొదట్లోనే. వాటిలో ఏముందో చెప్పండి. ఇంకా మార్చవద్దు.

ఉదయగిరి_గరిటె | మంగళవారం ఉదయం

ఎక్స్‌పోర్ట్ దించాను. సైట్‌యూఆర్ఎల్‌లో హెచ్‌టీటీపీ, తర్వాత డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో మా పేరు. హోమ్‌లో హెచ్‌టీటీపీఎస్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేదు. రెండూ వేరు వేరుగా ఉన్నాయి.

యూజర్స్ టేబుల్ కూడా తెరిచి చూశాను అన్నా. నా యూజర్ నేమ్ పక్కన మెయిల్ గడిలో నాది లేదు, ఆ చెన్నై అబ్బాయి మెయిల్ ఉంది.

పెన్నా_ఒడ్డు | మంగళవారం ఉదయం

రెండు వరుసల్లోనూ ఒకటే పెట్టండి. హెచ్‌టీటీపీఎస్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేకుండా. చివర స్లాష్ వద్దు, స్పేసు వద్దు. డేటాబేస్ అంటే భయపడేవాళ్లు ఇదే పనిని డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు లైన్లు రాసి కూడా చేయొచ్చు. కానీ మీరు ఇక్కడిదాకా వచ్చేశారు, ఇదే మేలు.

మెయిల్ సంగతి మంచిగా పట్టుకున్నారు. రీసెట్ లింకు ఎప్పుడూ ఆ యూజర్ పేరు పక్కనున్న మెయిల్‌కే పోతుంది, సెట్టింగ్స్‌లో ఉండే అడ్మిన్ మెయిల్‌కు కాదు. ఫారం సరిగ్గా పనిచేసినా ఆ లింకు మీకు వచ్చేది కాదు, చెన్నై పోయేది. ఆ గడిలో మీ మెయిల్ పెట్టి సేవ్ చేయండి. ఆ తర్వాత మీకు తెలిసిన పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నించండి. పడకపోతే అదే వరుసలో యూజర్‌పాస్ గడిలో కొత్త పాస్‌వర్డ్ రాసి, పక్కన ఫంక్షన్ జాబితాలో ఎండీఫైవ్ (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టని రూపంలోకి మార్చే పద్ధతి) ఎంచుకుని సేవ్ చేయాలి. ఎండీఫైవ్ ఎంచుకోకుండా ఉత్త పాస్‌వర్డ్ రాస్తే పనిచేయదు. ఎండీఫైవ్ పాతది, బలహీనమైనది. అయినా ఒకసారి లాగిన్ అయితే వర్డ్‌ప్రెస్ దాన్ని తన గట్టి పద్ధతిలోకి మార్చి రాసుకుంటుంది.

చీమకుర్తి_బ్లాక్ | మంగళవారం మధ్యాహ్నం

నాకు పాస్‌వర్డ్ దాటుతోంది, తర్వాత అడిగే ఆరంకెల కోడ్ దగ్గర తప్పంటోంది. కోడ్ ఇచ్చే ఫోన్ యాప్‌లో ఉన్న అంకెలే కొడుతున్నా. గ్రానైట్ ఎగుమతుల సైట్ సార్ మాది, విదేశీ బయ్యర్ల ఎంక్వైరీలు లోపల ఆగిపోయాయి.

కావలి_కుర్రోడు | మంగళవారం మధ్యాహ్నం

సార్, ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌లో ఉందా చూడండి. ఆ కోడ్ టైమ్‌ని బట్టే పుడుతుంది, మామూలుగా 30 సెకన్లకొకసారి మారుతుంది. ఫోన్ గడియారం ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ ఉన్నా ఒప్పుకోకపోవచ్చు. ఫోన్ సరిగ్గా ఉంటే సర్వర్ గడియారం చూడమని హోస్టింగ్ వాళ్లను అడగండి. మొదట్లో పది బ్యాకప్ కోడ్ల లాంటివి ఏమైనా ఇచ్చి ఉంటే వాటిలో ఒకటి వాడొచ్చు.

చీమకుర్తి_బ్లాక్ | మంగళవారం మధ్యాహ్నం

టైమ్ చేత్తో పెట్టి ఉంది. ఆటోమేటిక్ చేయగానే పడింది. థాంక్స్ తమ్ముడూ.

ఉదయగిరి_గరిటె | మంగళవారం మధ్యాహ్నం

లోపలికి వచ్చేశాను! పాత పాస్‌వర్డే పడింది. మొదట పెద్ద గరిటెల సెట్టు ధర మార్చాను, మిగతావి చేస్తున్నాను. పెదనాన్న ఇక్కడే కూర్చుని ఒక్కో వస్తువు ధర చెబుతున్నాడు.

ఒక్క అనుమానం. యూజర్స్ పేజీలో నేను, ఆ అబ్బాయి కాకుండా ఇంకొక అడ్మినిస్ట్రేటర్ ఉన్నాడు. పేరు అర్థం లేని అక్షరాలు. ఒక్క పోస్టు కూడా లేదు. ఎవరో మాకెవరికీ తెలియదు.

పెన్నా_ఒడ్డు | మంగళవారం మధ్యాహ్నం

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ధరలు మార్చడం కాసేపు ఆపి ఇది చూడండి.

అది ఆ అబ్బాయి పని కోసం పెట్టుకున్న అకౌంట్ కావచ్చు, బయటివాళ్లు దూరి పెట్టింది కావచ్చు. ఏదైనా సరే, మీకు తెలియని మనిషికి అడ్మిన్ హక్కు ఉండకూడదు. ముందు ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. పేరు, మెయిల్, అది చేరిన తేదీ డేటాబేస్‌లో ఉంటాయి, రాసిపెట్టుకోండి. తర్వాత తొలగించండి. తొలగించేటప్పుడు 'ఇతని పోస్టులు ఏం చేయాలి' అని అడిగితే మీ పేరుకు మార్చమని ఎంచుకోండి. డిలీట్ ఎంచుకుంటే అతని పేరున ఉన్నవన్నీ పోతాయి.

చెన్నై అబ్బాయిని ఇప్పుడే తీసేయక్కర్లేదు, హోదా మాత్రం అడ్మినిస్ట్రేటర్ నుంచి ఎడిటర్‌కు దించండి. అతని మీద అనుమానంతో కాదు. ఇప్పుడు అతను ఆ పని చేయడం లేదు, అంతే. పెదనాన్న పేరున ఆయన మెయిల్‌తో రెండో అడ్మిన్ ఒకటి చేయండి. ఒక్క అడ్మినే ఉంటే రేపు మీ ఫోన్ పోయినా, మెయిల్ పోయినా మళ్లీ ఇవే తిప్పలు.

ఆ తర్వాత డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో కీస్, సాల్ట్స్ అని (లాగిన్లను కాపాడే రహస్య అక్షరాలు) ఎనిమిది పొడుగాటి లైన్లు ఉంటాయి. వర్డ్‌ప్రెస్ వాళ్ల సైట్ కొత్తవి తయారుచేసి ఇస్తుంది, వాటితో మార్చండి. అప్పటికే ఎవరు ఎక్కడ లాగిన్ అయి ఉన్నా అందరూ ఒక్కసారిగా బయటికి వచ్చేస్తారు. పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చండి.

ఒంగోలు_గిత్త | మంగళవారం సాయంత్రం

థీమ్ ఎక్కడ నుంచి తెచ్చారో కూడా చూడు చెల్లెమ్మా. డబ్బు కట్టాల్సిన థీమ్‌ని ఉచితంగా ఎక్కడో దించుకొచ్చి పెట్టి ఉంటే, దొంగ అడ్మిన్లు చాలాసార్లు అట్నే పుడతారు. మనం ఒకరిని తీసేస్తే అది ఇంకొకరిని పుట్టిస్తుంది. పదిహేను రోజులు యూజర్స్ పేజీ మీద కన్నేసి ఉంచు.

ఉదయగిరి_గరిటె | బుధవారం ఉదయం

మీరు చెప్పినవన్నీ చేశాను. థీమ్ వర్డ్‌ప్రెస్ సొంత జాబితాలోదే, ఉచితమైనదే. చెన్నై అబ్బాయి రాత్రి మెసేజ్ పెట్టాడు, నంబరు మార్చాడట. ఆ తెలియని అడ్మిన్ తనది కాదన్నాడు. చేరిన తేదీ చూస్తే మేము చాలాకాలంగా అప్‌డేట్ చేయని ఒక ఫారం ప్లగిన్ అప్పటికే ఉంది. దాంట్లోంచే దూరి ఉండొచ్చని దాన్ని పూర్తిగా తీసేసి, మిగతావన్నీ అప్‌డేట్ చేశాను. ఫైళ్లలో ఇంకేమైనా మిగిలిందేమో స్కాన్ చేయమని హోస్టింగ్ వాళ్లను అడిగాను.

ముత్తుకూరు_రొయ్య | బుధవారం మధ్యాహ్నం

ఒంగోలు అన్నా, డొమైన్ బిల్లు మా నాన్న మెయిల్‌లో దొరికింది. పేరు మాదే! హోస్టింగ్ మాత్రం అతని అకౌంట్‌లో ఉంది. పేజీలు, ఫొటోలు కాపీ చేసుకున్నాం. డొమైన్ మా దగ్గరే ఉందని చెప్పి, సైట్ బ్యాకప్ ఇవ్వమని మర్యాదగా మెయిల్ రాశాం. శుక్రవారం ఇస్తానన్నాడు.

ఒంగోలు_గిత్త | బుధవారం మధ్యాహ్నం

మంచిది. బ్యాకప్ అంటే ఫైళ్లు, డేటాబేస్ రెండూ అని రాసి అడగండి. ఒట్టి ఫైళ్లు ఇస్తే మీరు రాసిన పేజీలు అందులో ఉండవు. డొమైన్ అకౌంట్‌లో ట్రాన్స్‌ఫర్ లాక్ (పేరును వేరే చోటికి తరలించకుండా ఆపే తాళం) వేసి ఉందో లేదో కూడా ఈరోజే చూసుకోండి.

దర్శి_మాస్టారు | బుధవారం సాయంత్రం

ఇంతమంది తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి నాదీ అడుగుతాను. మా బడి సైట్ జూమ్లాలో (వర్డ్‌ప్రెస్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) ఉంది. అడ్రసు చివర అడ్మినిస్ట్రేటర్ అని కొట్టి వెళ్లాలి. సూపర్ యూజర్ (అన్ని హక్కులూ ఉన్న అకౌంట్) పాస్‌వర్డ్ ముందున్న హెడ్మాస్టారు గారికే తెలుసు, వారు రిటైర్ అయ్యారు, వారికీ గుర్తులేదు. మర్చిపోయాను అని నొక్కితే సూపర్ యూజర్‌కు రీసెట్ ఇవ్వనంటోంది. నాకు రచయిత లాగిన్ ఉంది, హోస్టింగ్ వివరాలు ఆఫీసు ఫైల్‌లో ఉన్నాయి.

పెన్నా_ఒడ్డు | బుధవారం రాత్రి

మాస్టారూ, జూమ్లా సూపర్ యూజర్లకు ఆ లింకు కావాలనే ఇవ్వదు. మీకు రచయిత లాగిన్ ఉండటం మంచిదైంది. ఫైల్ మేనేజర్‌లో కాన్ఫిగరేషన్ డాట్ పీహెచ్‌పీ ఫైల్ ఉంటుంది. ముందు దాన్ని ఒక కాపీ తీసుకోండి. లోపల మిగతా లైన్లు ఎలా ఉన్నాయో చూసి, అదే తీరులో రూట్ అండర్‌స్కోర్ యూజర్ అనే లైను ఒకటి చేర్చి, విలువగా మీ యూజర్ నేమ్ పెట్టండి. ఆ లైను ఉన్నంతసేపు మీరే సూపర్ యూజర్. లోపలికి వెళ్లి మీకు శాశ్వతంగా సూపర్ యూజర్ హోదా ఇచ్చుకుని, ఆ లైను తప్పకుండా తీసేయండి. అది అక్కడే ఉండిపోతే ప్రమాదం.

దర్శి_మాస్టారు | గురువారం ఉదయం

ఫైల్ సేవ్ కావడం లేదు బాబూ. చదవడానికే అనుమతి అంటోంది.

పెన్నా_ఒడ్డు | గురువారం ఉదయం

పర్మిషన్ 444 (చదవడానికి మాత్రమే) ఉంటుంది, జూమ్లా అలానే పెడుతుంది. 644 (యజమాని మార్చగలిగేలా) చేసి సేవ్ చేయండి, పని అయ్యాక మళ్లీ 444 చేయండి.

దర్శి_మాస్టారు | గురువారం ఉదయం

అయింది. లోపలికి వెళ్లాను, హోదా మార్చుకున్నాను, ఆ లైను తీసేశాను, 444 చేశాను. కొత్త హెడ్మాస్టారు గారికి కూడా వారి పేరున వేరే అకౌంట్ చేసి ఇచ్చాను.